రోళ్లు పగిలే ఎండలో తుంగ తవ్వాలి

నల్లగొండలో మా ఇంటి వెనక నాలుగు మడులు చేసి టమాట, వంకాయ నారు పెట్టిన మొదటి వానాకాలం నాకు తుంగతోనే గడిచింది. పీకిన మూడో రోజుకే పచ్చటి సూదుల్లాంటి మొలకలు మళ్లీ పైకి వచ్చేవి. చివరికి కుర్పీతో జానెడు లోతు తవ్వి చూశాను. సన్నటి దారంలాంటి వేరుకు నల్లటి గడ్డలు, పూసలు గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. గిల్లితే లోపల తెలుపు, ఘాటైన సువాసన. ఆయుర్వేదం దుకాణంలో తుంగముస్తలని అమ్మేవి ఇవే.

నేను పీకింది ఆకునే. మొక్క బలమంతా గడ్డలో ఉంది. ఇంకో సంగతి, గొలుసు తెగనంత వరకు కొసన ఉన్న గడ్డ మొలిచి, వెనక గడ్డలను మొలవనీయకుండా ఆపుతుంది. పారతో గొలుసు తెంపితే ఆ అదుపు పోయి, నిద్రలో ఉన్న గడ్డలు కూడా మొలకెత్తుతాయి. వానల్లో పైపైన తవ్వినకొద్దీ తుంగ పెరగడానికి కారణం ఇదే.

గడ్డకు పడనిది ఎండ. లోపలి తేమ బాగా తగ్గిపోతే చచ్చిపోతుంది. అందుకే మే చివర్లో ఖాళీ మడి తవ్వాలి. మన ఎర్ర చెల్క వేసవిలో రాయిలా గట్టిపడుతుంది కాబట్టి ముందురోజు కాస్త నీళ్లు చల్లండి. గడ్డలను పైకి తీసి పరిచి, రోహిణి ఎండకు వదిలేయండి. ఆ పది పదిహేను రోజులు మడికి చుక్క నీరు తగలొద్దు. మిగిలినవి వానలకు మొలిస్తే, రెండు మూడు వారాలకోసారి, కొత్త గడ్డ కట్టకముందే తీసేయాలి. తుంగకు నీడ కూడా పడదు. బొబ్బర్లు, గుమ్మడి దట్టంగా అల్లితే బాగా నీరసిస్తుంది.

వయ్యారిభామది వేరే దారి, దాని బలం గింజలో ఉంది. మొలిచిన నెల, నెలన్నరకే పూతకు వస్తుంది. బాగా పెరిగిన ఒక్క మొక్క 10,000కు పైగా గింజలు రాలుస్తుంది. మృగశిర వానలకు మొలిచినవాటిని, తెల్లపూత కనబడకముందే తడి నేలలోంచి వేరుతో సహా లాగేయండి. చేతికి గ్లౌజులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఒంటికి తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి, పుప్పొడితో ఆయాసం పెరుగుతుంది.

చిన్న గింజల కలుపు చాలావరకు వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. నారు నాటాక మొక్కల మధ్య రెండు అంగుళాల మందాన పల్లి పొట్టో వరిగడ్డో పరిస్తే సగం పని తగ్గుతుంది. మొదలు దగ్గర మాత్రం బెత్తెడు చోటు వదలండి, లేకపోతే కాండం కుళ్లుతుంది. తుంగ ఈ పరుపును కూడా పొడుచుకుని వస్తుంది, దానికి ఎండాకాలపు పనే మందు.

గంగవాయిలిని కోసి పప్పులో వేసుకుంటాం. తుంచిన కాడలు తడి మట్టి మీద పడితే మళ్లీ వేళ్లు దిగుతాయి, ఏరి పారేయాలి.

ఇక గునుగు. జొన్న చేలో కలుపే, కానీ బతుకమ్మ పేర్చాలంటే అదే కావాలి. గోడ వారన నాలుగు మొక్కలు ఉంచుతాను. పండుగకు పూలు కోసుకుని, మిగిలిన కంకుల్లో నల్లగింజ ముదిరి రాలకముందే మొక్కలు పీకేస్తాను.