ఎవరికి చెప్పాలి? చెప్పాక ఏమవుతుంది?

పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం కలిగినా పోలీసులకు చెప్పడం చట్టరీత్యా విధిగా మారి పుష్కరకాలం దాటింది. అయినా పక్కింట్లోనో బడిలోనో అలాంటి అనుమానం తలెత్తినప్పుడు ఎవరికి చెప్పాలో, చెప్పాక ఆ బిడ్డ గతేమిటో తెలియక ఆగిపోయేవారే ఎక్కువ. ఈ రెండు ప్రశ్నలకు జవాబులు వేర్వేరు కాలాల్లో వచ్చాయి. రెండోది చాలా ఆలస్యంగా వచ్చింది.

మొదటి జవాబు చట్టంకన్నా ముందే ఫోన్ నంబరు రూపంలో దొరికింది. 1996లో ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో పనిచేస్తున్న జెరూ బిలిమోరియా వీధిబాలల కోసం 1098 సేవను ప్రారంభించారు. అంకెలు రాని పిల్లలు కూడా 'దస్, నౌ, ఆఠ్' అని గుర్తుపెట్టుకోగలిగిన ఆ నంబరు క్రమంగా దేశమంతటా విస్తరించింది.

అప్పటికి బాలలపై లైంగిక నేరాలకు ప్రత్యేక చట్టం లేదు. భారతీయ శిక్షాస్మృతిలోని అత్యాచార నిర్వచనంలో మగపిల్లలకు చోటే లేదు. 2004లో సాక్షి అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ నిర్వచనాన్ని విస్తరించడానికి అంగీకరించలేదు గాని, వాంగ్మూలం ఇచ్చే బిడ్డకు నిందితుడు కనబడకుండా తెర ఉంచాలని ఆదేశించింది. 2007లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో జరిపించిన అధ్యయనంలో 53.22 శాతం పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులకు గురయ్యామన్నారు; ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారే. ఫిర్యాదు చేసే బాధ్యతను కుటుంబానికే వదిలేయకూడదనడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు. పరువు మాట ముందుకొచ్చే ఇళ్లలో బిడ్డ మాట వెనకబడడం మనం ఎరగనిదేమీ కాదు.

లైంగిక నేరాల నుంచి బాలలను రక్షించడానికి చేసిన, 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం ఆ బాధ్యతను అందరిమీదా పెట్టింది. తెలిసీ చెప్పనివారికి ఆరు నెలల వరకు, తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష విధించవచ్చు. సదుద్దేశంతో సమాచారమిచ్చినవారిపై మాత్రం ఎలాంటి చర్యా ఉండదు. వాంగ్మూలాన్ని బిడ్డ ఇంట్లోగాని, కోరుకున్నచోటగాని, మఫ్టీలో ఉన్న అధికారి, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళ, నమోదు చేయాలి. రాత్రివేళ బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. పిల్లల సంరక్షణపై నిర్ణయాలు తీసుకునే బాలల సంక్షేమ సమితికి పోలీసులు 24 గంటల్లోగా తెలియజేయాలి. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా హాస్టల్ బాలికల కేసులో, తెలిసీ చెప్పలేదన్న ఆరోపణపై ఒక వైద్యుడు విచారణను ఎదుర్కోవలసిందేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

చెప్పమని ఇంత గట్టిగా శాసించిన వ్యవస్థ, చెప్పిన బిడ్డకు తోడు సమకూర్చడంలో అదే వేగం చూపలేదు. 2015 నుంచి వచ్చిన సఖి కేంద్రాలు, 2016లో హైదరాబాద్ పోలీసులు తెరిచిన భరోసా కేంద్రం వైద్యం, కౌన్సెలింగ్, న్యాయసాయాలను ఒకే కప్పు కిందికి తెచ్చే ప్రయత్నాలు. కేసు పొడవునా బిడ్డ వెంట ఉండే సహాయక వ్యక్తి గురించి 2020 నాటి పోక్సో నియమాలు వివరంగా చెప్పినా, వారి నియామకంపై సుప్రీంకోర్టు 2023లో మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. అదే ఏడాది 1098 స్వచ్ఛంద సంస్థల చేతుల్లోంచి ప్రభుత్వ యంత్రాంగానికి మారి, అత్యవసర నంబరు 112తో అనుసంధానమైంది. నేడు ఆ నంబరుకు ఫోన్ చేస్తే స్పందించాల్సింది జిల్లా బాలల సంరక్షణ విభాగమే.