పాత మైనింగ్ మెషీన్లు పదిహేనా, కొత్తది ఒకటా? కొన్ని అపోహలు - వాస్తవాలు

బిట్‌కాయిన్ మైనింగ్ మెషీన్లు, అంటే రాత్రీపగలూ లెక్కలు వేస్తూ బిట్‌కాయిన్ సంపాదించే కంప్యూటర్లు బిగించడం, పాడైతే బాగుచేయడం నా పని. ఫోన్ చేసేవాళ్లలో సగం మంది అడిగేది ఇదే: "అన్నా, పాత ఎస్9లు చవకగా వస్తున్నాయి. ఓ పదిహేను తీసుకోనా?"

అపోహ: చవక మెషీన్లు ఎక్కువ కొంటే గిట్టుబాటవుతుంది.

వాస్తవం: కొన్న రోజు వరకే ఆ సంతోషం. 2016లో వచ్చిన యాంట్‌మైనర్ ఎస్9 సెకనుకు సుమారు 13.5 టెరాహాష్ (ఒక టెరాహాష్ అంటే లక్ష కోట్ల లెక్కలు) ఇచ్చి, 1,320 వాట్లు తింటుంది. పదిహేను కలిపితే 200 టెరాహాష్ పైచిలుకు, 19.8 కిలోవాట్లు. కొత్త మోడల్ ఎస్21 ఒక్కటే ఆ 200 టెరాహాష్‌ని 3.5 కిలోవాట్లతో ఇచ్చేస్తుంది. రోజుకు 475 యూనిట్లెక్కడ, 84 ఎక్కడ! యూనిట్ పది రూపాయలనుకుంటే ఎస్9లకు నెలకు లక్షా నలభై వేలు, ఎస్21కి పాతిక వేలు. చేతికొచ్చే బిట్‌కాయిన్ మాత్రం దాదాపు అంతే. పైగా మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అందులో కరెంటు బిల్లు ఖర్చు కింద చూపించడానికి లేదు. 2024 ఏప్రిల్ హాల్వింగ్‌తో (మైనింగ్ బహుమతి సగమవడం) ఒక్కో బ్లాకుకు, అంటే ఒక్కో లావాదేవీల కట్టకు, మైనర్లకు వచ్చేది 6.25 నుంచి 3.125 బిట్‌కాయిన్లకు పడిపోయింది. ఇక కరెంటు దాదాపు ఊరికే దొరికే చోట తప్ప ఎస్9 నిలబడదు.

అపోహ: పది మెషీన్లుంటే పది లాటరీ టికెట్లు.

వాస్తవం: లెక్క హాష్‌రేట్‌ది (సెకనుకు ఎన్ని టెరాహాష్‌లన్నది), డబ్బాలది కాదు.

అపోహ: పెద్ద ఎస్21 ఒక్కటి ఆగిందంటే అంతా పోయినట్టే.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది. పవర్ సప్లై పోతే మొత్తం ఆగుతుంది. హాష్‌బోర్డులు (లెక్కలు వేసే చిప్‌లుండే బోర్డులు) మూడుంటాయి కాబట్టి ఒకటి పోయినా చాలాసార్లు మిగతా రెండూ నడుస్తాయి. అటు పదిహేను ఎస్9లంటే 30 ఫ్యాన్లు, 15 పవర్ సప్లైలు. మన ఎండాకాలపు దుమ్ముకి రోజూ ఏదో ఒకటి మూలుగుతూనే ఉంటుంది.

అపోహ: ఏసీ ప్లగ్ ఉందిగా, పెద్ద మెషీన్‌ని దానికే పెట్టేయొచ్చు.

వాస్తవం: 3,500 వాట్లంటే 15 ఆంపియర్లు. ఏసీ మధ్యమధ్యలో ఆగుతుంది, ఇది రాత్రీపగలూ ఆగదు. ఒకరింట్లో 16 ఆంపియర్ల ప్లగ్ పీకబోతే సాకెట్‌కి అతుక్కుపోయి ఉంది. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. వారం నుంచి వస్తున్న వాసన కొత్త మెషీన్‌దే అనుకున్నారట! విడిగా లైన్ లాగి, ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్) వేయాల్సిందే. ఈ ఒక్క విషయంలో ఆరు ఆంపియర్లకు మించని ఎస్9 నయం.

వేడి సంగతి కూడా చూసుకోండి. గది తలుపులేసి ఎస్21 నడిపితే ఒక టన్ను ఏసీ పూర్తిగా దానికే సరిపోతుంది. ఆ ఏసీ కరెంటు పైన చెప్పిన పాతిక వేలల్లో కలపలేదు.