ఆటల నుంచి దక్షిణాఫ్రికాను వెలివేసిన కథ

1974లో భారత్ టెన్నిస్‌లో డేవిస్ కప్ ఫైనల్‌కు చేరింది. విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్‌లున్న జట్టు కలకత్తాలో ఆస్ట్రేలియాను, పుణేలో సోవియట్ యూనియన్‌ను ఓడించింది. ఫైనల్లో ప్రత్యర్థి దక్షిణాఫ్రికా. వర్ణవివక్ష పాటించే ఆ దేశంతో ఆడేది లేదని మన ప్రభుత్వం తేల్చేసింది. ఒక్క బంతి కూడా కొట్టకుండానే కప్పు దక్షిణాఫ్రికాకు పోయింది. మనకు ఆ కప్పు నేటికీ దక్కలేదు.

ఆటల్లోకి రాజకీయాలు తేవద్దనే మాట అప్పుడూ గట్టిగానే వినిపించింది. కానీ వాటిని తెచ్చిందెవరు? 1948లో దక్షిణాఫ్రికాలో అధికారానికొచ్చిన నేషనల్ పార్టీ బడి, బస్సు, బీచ్‌లతో పాటు మైదానాన్నీ రంగును బట్టి పంచింది. తెల్లవాళ్లు, ఇతరులు విడివిడిగానే ఆడాలని 1956లో ఆ దేశ మంత్రి బాహాటంగా ప్రకటించాడు. డర్బన్‌లో పాప్వా సెవ్‌గోలుమ్ అనే భారత సంతతి గోల్ఫర్ ఉండేవాడు. 1963లో తెల్ల ఆటగాళ్లను ఓడించి నేటాల్ ఓపెన్ గెలిచాడు. క్లబ్బు భవనంలోకి అతనికి ప్రవేశం లేదు. లోపల తెల్లవాళ్లు కూర్చుని ఉండగా, బయట వానలో నిలబెట్టి ట్రోఫీ చేతికిచ్చారు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది.

అయితే ప్రపంచాన్ని కుదిపింది మాత్రం బాసిల్ డి'ఒలివెరా వ్యవహారం. కేప్‌టౌన్‌లో పుట్టిన ఈ బ్యాట్స్‌మన్‌ను ఆ దేశం 'కలర్డ్' (మిశ్రమ జాతి) గడిలో పెట్టింది. సొంత దేశం తరఫున ఆడే దారి లేక 1960లో ఇంగ్లండ్ వెళ్లాడు, 1966లో ఆ దేశానికే టెస్టులు ఆడాడు. 1968 ఆగస్టులో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద 158 పరుగులు చేశాడు. కొద్ది రోజులకే దక్షిణాఫ్రికా టూర్‌కు జట్టును ప్రకటిస్తే, అందులో అతని పేరు లేదు! ఇది క్రికెట్ నిర్ణయమేనని ఇంగ్లండ్ జట్టును పంపే ఎంసీసీ క్లబ్బు పెద్దలు చెప్పుకున్నారు గానీ బ్రిటన్‌లోనే నమ్మినవాళ్లు తక్కువ. ఇంతలో టామ్ కార్ట్‌రైట్ గాయంతో తప్పుకోవడంతో డి'ఒలివెరాను తీసుకోక తప్పలేదు. ఇది వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమకారులు పంపుతున్న జట్టు అంటూ దక్షిణాఫ్రికా ప్రధాని వోర్‌స్టర్ మండిపడ్డాడు. టూర్ రద్దయింది.

క్రీడా సంఘాలు మనస్సాక్షితో కదిలాయనుకుంటే పొరపాటు. మ్యాచ్ నడపడమే అసాధ్యమయ్యాక కదిలాయి. 1969-70లో దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు బ్రిటన్‌లో ఎక్కడికెళ్లినా పీటర్ హెయిన్ వంటి కుర్రాళ్ల నాయకత్వంలో నిరసనలే. ఆ తర్వాత 1970లో ఇంగ్లండ్‌కు రావాల్సిన దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు వంతు. లండన్‌లోని లార్డ్స్ మైదానం చుట్టూ ముళ్లకంచె వేశారు. చివరికి బ్రిటన్ ప్రభుత్వమే అడిగితే గానీ బోర్డు ఆ టూర్‌ను రద్దు చేయలేదు. ఒలింపిక్ సంఘం దక్షిణాఫ్రికాను బహిష్కరించిందీ 1970లోనే.

న్యూజిలాండ్ ఆలస్యంగా మేలుకొంది. గతంలో దక్షిణాఫ్రికా కోసం తన జట్టులోంచి అక్కడి మూలవాసులైన మావోరీలను పక్కనబెట్టిన చరిత్ర దానిది. 1976లో జొహానెస్‌బర్గ్ దగ్గరి నల్లజాతీయుల బస్తీ సొవెటోలో విద్యార్థులపై కాల్పులు జరిగిన కొద్ది రోజులకే దాని రగ్బీ జట్టు దక్షిణాఫ్రికాలో అడుగుపెట్టింది. దానికి నిరసనగా ఇరవైకి పైగా దేశాలు, ఎక్కువగా ఆఫ్రికావే, మాంట్రియల్ ఒలింపిక్స్‌ను వదిలేశాయి. 1981లో దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు న్యూజిలాండ్‌కొస్తే దేశమే రెండుగా చీలింది. హామిల్టన్‌లో జనం కంచె తెంచుకుని మైదానంలోకి దూసుకెళ్లడంతో మ్యాచ్ ఆగిపోయింది. ఆక్లాండ్‌లో ఆట జరుగుతుండగా చిన్న విమానంలోంచి పిండి సంచులు విసిరారు.

ఈ పోరాటంలో మన నెల్లూరు జిల్లాలో పుట్టిన మనిషికీ పెద్ద పాత్రే ఉంది. ఆయనే ఈ.ఎస్. రెడ్డి. ఐక్యరాజ్యసమితిలో వర్ణవివక్ష వ్యతిరేక విభాగాన్ని ఏళ్ల తరబడి నడిపించారు. దక్షిణాఫ్రికా వెళ్లి ఆడిన క్రీడాకారుల పేర్లను 1980ల్లో సమితి జాబితాగా అచ్చువేసింది. అది ఉత్త కాగితం కాదు. గ్రాహమ్ గూచ్ సహా ఎనిమిది మంది ఇంగ్లండ్ క్రికెటర్లకు దక్షిణాఫ్రికా సంబంధాల కారణంగా భారత్ వీసాలు నిరాకరించడంతో 1988లో ఇంగ్లండ్ జట్టు భారత టూర్ రద్దయింది. డబ్బుకు ఆశపడి దొంగచాటుగా టూర్లకు వెళ్లిన జట్లూ లేకపోలేదు. 1983లో అలా వెళ్లిన వెస్టిండీస్ ఆటగాళ్లపై వాళ్ల బోర్డు జీవితకాల నిషేధం వేసింది. వాళ్లలో కొందరు తర్వాత కోలుకోలేకపోయారు.

మండేలా విడుదలయ్యాక 1991 నవంబర్‌లో దక్షిణాఫ్రికా తన తొలి వన్డేను కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆడింది. మరుసటేడాది మన హైదరాబాదీ అజారుద్దీన్ సేన డర్బన్‌లో టెస్టు ఆడింది. 1970 తర్వాత ఆ గడ్డ మీద అదే మొదటి అధికారిక టెస్టు. ఈడెన్‌లో దిగిన పదకొండు మందీ తెల్లవాళ్లే. ఆ దేశపు టెస్టు జట్టులో నల్లజాతి ఆఫ్రికన్‌కు చోటు దక్కడానికి 1998లో మఖాయా ఎన్తిని వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.