చెమ్మ గోడకి ఇన్సులేషన్ మందు కాదు: బయటి గోడల విషయంలో అపోహలు - వాస్తవాలు

పోయిన నెలలో ఒకే ప్రశ్న మూడుసార్లు వచ్చింది. "బెడ్‌రూమ్ గోడకి చెమ్మ వస్తోందండీ. బయటినుంచి ఇన్సులేషన్ వేయిస్తే పోతుందట కదా?" వాళ్ళు అడిగేది గోడకి బయటివైపు థర్మోకోల్ లాంటి వేడిని ఆపే షీట్లు అంటించి, పైన ప్లాస్టర్ వేయడం గురించి. ఫోన్‌లో అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. "ముందు ఆ చెమ్మ ఎక్కణ్నుంచి వస్తోందో చూద్దామండీ" అంటే అవతలి గొంతులో నిరాశ వినిపిస్తుంది. అప్పటికే ఎవరో వచ్చి కొలతలు తీసుకుని, పది రోజుల్లో పని ముగిస్తామని చెప్పి వెళ్ళి ఉంటారు. అయినా నా మాట నేను చెప్పక తప్పదు. ఈ వృత్తిలో నేను చూసిన నష్టాల్లో అన్నిటికంటే పెద్దవి ఈ ఒక్క అపోహ వల్ల జరిగినవే.

అపోహ: గోడకి చెమ్మ ఉంటే ఇన్సులేషన్ వేస్తే పోతుంది.

ఇది పూర్తిగా అబద్ధమైతే ఎప్పుడో వినపడకుండా పోయేది. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే ఇన్నాళ్ళు నిలిచింది. ఆ నిజమెంతో ముందు చూద్దాం.

గోడకి చెమ్మ ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. మొదటిది గదిలోని గాలినుంచి. 20 డిగ్రీల గదిలో తేమ 60 శాతం ఉందనుకోండి, 12 డిగ్రీలకి చల్లబడిన ఏ గోడమీదైనా ఆ తేమ నీరై కూర్చుంటుంది. బూజుకి అంత నీరు కూడా అక్కర్లేదు, గోడ 15 డిగ్రీల దగ్గరికి దిగితే చాలు, పట్టడం మొదలుపెడుతుంది. మూలల్లో, బీరువా వెనక, మంచం తలాపున వచ్చే నల్లమచ్చలు చాలావరకు ఈ రకమే. దీనికి బయటి ఇన్సులేషన్ నిజంగా పనిచేస్తుంది. గోడ మొత్తం వెచ్చగా ఉంటుంది కాబట్టి లోపలి ముఖంమీద నీరు పట్టదు.

రెండోది వాననీరు. పగుళ్ళలోంచి, కిటికీ ఫ్రేము చుట్టూ ఉన్న సందుల్లోంచి, పిట్టగోడ పైభాగంలోంచి, గోడలోంచి బయటికొచ్చే పైపుల పక్కనుంచి దిగేది. మూడోది పునాది దగ్గర నేలలోంచి పైకి పాకేది. గోడలో దాచిన పైపు కారడాన్ని కూడా ఈ రెండింటి పక్కనే పెట్టండి. వీటికి ఇన్సులేషన్ చేసే మేలు లేదు, కీడు మాత్రం ఉంది. ఇన్నాళ్ళూ ఆ గోడ ఎండకీ గాలికీ బయటివైపునుంచి కాస్తో కూస్తో ఆరుతూ వచ్చింది. మనం దానిమీద షీటు అంటించి, పైన ప్లాస్టర్ వేసి ఆ దారి మూసేస్తున్నాం. ఇక ఆ తడికి మిగిలింది మీ గదివైపే.

ఇన్సులేషన్‌కి కూడా నష్టమే. ఇన్సులేషన్ అంటే కదలకుండా పట్టి ఉంచిన గాలి, అంతకంటే ఏం లేదు. నీరు గాలికంటే సుమారు 24 రెట్లు ఎక్కువగా వేడిని పోనిస్తుంది. తడిసిన రాక్‌వూల్, అంటే రాతినార షీటు, గోడమీద బరువుగా వేలాడుతుంది తప్ప వేడిని ఆపదు. థర్మోకోల్ నీరు పెద్దగా పీల్చదు, నిజమే, కానీ దాని వెనకున్న జిగురూ గోడా పీలుస్తాయి.

ఏ రకం చెమ్మో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. మచ్చమీద జానెడు చదరం ప్లాస్టిక్ షీటు పెట్టి, నాలుగు అంచులా టేపు వేసి ఒకటి రెండు రోజులు వదిలేయండి. నీటి చుక్కలు షీటుపైన, గదివైపు పడితే అది గదిగాలి తేమ. షీటు కింద, గోడవైపు పడితే నీరు గోడలోంచే వస్తోంది. దానితోపాటు, మచ్చ ఎప్పుడు పెరుగుతోందో ఒక కాగితంమీద రాసుకోండి. వానపడిన రెండు మూడు రోజులకి పెరిగితే ఒక అర్థం, చలికాలం పొడిరోజుల్లో పెరిగితే వేరే అర్థం. ఇలా రాసిపెట్టుకున్న ఇంటివాళ్ళు నాకు సగం పని చేసిపెట్టినట్టే.

ఒక పెద్దావిడ సంగతి చెప్పాలి. ఒంటరిగా ఉంటారు. కిటికీ కింద గోడకి చెమ్మ వస్తుంటే రెండేళ్ళ కిందట బయట ఇన్సులేషన్ చేయించుకున్నారు. చెమ్మ పోలేదు సరికదా, మచ్చ రెట్టింపయింది. పనిచేసినవాళ్ళని పిలిస్తే, "మీరు కిటికీలు తెరవడం లేదు, అందుకే" అని చెప్పి వెళ్ళారట. ఆవిడ ఆ చలికాలమంతా శాలువా కప్పుకుని కిటికీ తెరిచి కూర్చున్నారు. నేను వెళ్ళినరోజు ముందుగా అడిగింది గోడ గురించి కాదు. "తప్పు నాదేనా బాబూ?" అని అడిగారు.

నిచ్చెన వేసుకుని బయట కిటికీ కింద మూలలో అరచేయంత ముక్క కోశాను. పైన ప్లాస్టర్ చెక్కుచెదరలేదు, రంగు కూడా కొత్తగానే ఉంది. కోసిన థర్మోకోల్‌ని బయటికి లాగగానే గోధుమరంగు నీళ్ళు నా మణికట్టుమీద పడి మోచేతిదాకా కారాయి. వానపడి అప్పటికి ఆరు రోజులైంది. జిగురు ముద్దమీద గోరు ఆనిస్తే తడిమట్టిలా విడిపోయింది.

కారణం కంటికి ఎదురుగానే ఉంది. కిటికీ కింద రాతి సిల్ ఒకప్పుడు గోడకంటే 40 మిల్లీమీటర్లు ముందుకి ఉండేది. వాననీరు దాని అంచునుంచి గోడకి తగలకుండా కిందికి రాలేది. ఇప్పుడు 60 మిల్లీమీటర్ల షీటూ, దానిమీద ప్లాస్టరూ వచ్చేసరికి ఆ సిల్ గోడలో మునిగిపోయింది. సిల్‌కీ ప్లాస్టర్‌కీ మధ్య వెంట్రుకవాసి సందు. ప్రతి వానకీ అద్దంమీంచి జారిన నీరంతా నేరుగా ఆ సందులోకే దిగుతోంది.

ఆవిడ తప్పు ఏమీ లేదని చెప్పాను. సిల్ కిందున్న షీట్లు తీసేసి, గోడ ఆరడానికి మూడు నెలలు వదిలేశాం. తర్వాత పాత సిల్‌మీద రెండు కొసలా పైకి మడిచిన మెటల్ సిల్ బిగించి, కొత్త ముఖానికి 40 మిల్లీమీటర్లు ముందుకి వచ్చేలా పెట్టి, ఫ్రేము చుట్టూ ఉబ్బే సీలింగ్ టేపు వేశాం. మరుసటి వానాకాలం అయ్యాక ఫోన్ చేశాను. మచ్చమీద రంగు వేయించారట, మళ్ళీ రాలేదన్నారు.

అందుకే ఇన్సులేషన్ వేయించే ప్రతివాళ్ళకీ చెప్తాను, గోడ మందం పెరిగితే ఆ గోడకున్న ప్రతి అంచూ మారాలి. సిల్ ముందుకి రావాలి. పిట్టగోడమీద కప్పు వెడల్పవ్వాలి. సజ్జ, నీటిగొట్టం క్లాంపు, ఏసీ బ్రాకెట్, కరెంటు మీటరు పెట్టె, అన్నీ కొత్త ముఖానికి తగ్గట్టు జరగాలి. కొటేషన్‌లో చదరపు అడుగుల లెక్క ఒక్కటే ఉండి వీటి ఊసు లేకపోతే సంతకం పెట్టకండి. నీళ్ళు వచ్చేది ఈ అంచుల దగ్గరే, మధ్యలో ఉన్న నునుపైన గోడలోంచి కాదు.

ఈ పాఠం ఒక ఊరు ఊరంతా నేర్చుకున్న సందర్భం ఉంది. 1990ల మధ్యలో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం విల్మింగ్టన్‌లో, థర్మోకోల్‌మీద పల్చటి ప్లాస్టర్ వేసిన చెక్క ఫ్రేము ఇళ్ళలో లోపలి చెక్క కుళ్ళిపోయినట్టు వరసగా బయటపడింది. నీరు దిగింది కిటికీల చుట్టూ, కప్పు గోడకి కలిసే చోట్లా. దిగిన నీటికి బయటికి దారి లేదు. ఆ తర్వాతే అక్కడ షీటు వెనక నీరు జారిపోవడానికి సందు వదిలే పద్ధతి బలపడింది. ఇటుక గోడ చెక్కలా కుళ్ళదు కాబట్టి మనకి ఆ భయం లేదనుకుంటారు. ఇటుక తడిని మౌనంగా దాచుకుంటుంది, అంతే తేడా.

ఇంకో మాట. తడిసిన గోడ మరమ్మతు అవగానే ఆరిపోదు. 25 మిల్లీమీటర్ల మందానికి నెల చొప్పున అని మా వృత్తిలో ఒక మోటు లెక్క ఉంది. పరంజా అద్దె పెరుగుతోందని తొందరపెట్టే మేస్త్రి మాట వినకండి.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

మందం ఎంత పెంచితే అంత లాభం అంటారు. కొంతవరకే. గోడలోంచి వేడి ఎంత పోతుందో చెప్పే అంకెని యూ-వాల్యూ అంటారు, అది ఎంత తక్కువైతే అంత మేలు. మామూలు 230 మిల్లీమీటర్ల ఇటుక గోడకి అది 2 దగ్గర ఉంటుంది. 50 మిల్లీమీటర్ల థర్మోకోల్ వేస్తే 0.53కి వస్తుంది. 100 వేస్తే 0.30. 200 వేస్తే 0.17. మొదటి 50తో వచ్చిన లాభం చూడండి, చివరి 100తో వచ్చింది చూడండి. చలి తీవ్రంగా ఉన్నచోట ఆ చివరి వంద కూడా విలువైనదే. కానీ షీటు మందం పెంచి, కిటికీ పక్క చెంపల్నీ బాల్కనీ స్లాబు అంచునీ ఉత్తగా వదిలేస్తే వేడి అక్కణ్నుంచే పోతుంది, బూజు అక్కడే పడుతుంది. చెంపలమీద 20, 30 మిల్లీమీటర్లయినా వేయించండి.

గోడ ఊపిరి పీల్చాలి, మూస్తే ఇల్లు ఉక్కిరిబిక్కిరవుతుంది అనేది చాలా పాత మాట. 19వ శతాబ్దంలో మ్యూనిక్ శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ గదిలో సందులన్నీ మూసినా గాలి మారుతోందని గమనించి, అది గోడల్లోంచే వస్తోందనుకున్నాడు. తర్వాతి కొలతల్లో ప్లాస్టర్ చేసిన గోడలోంచి పోయే గాలి లెక్కలోకి రానంత తక్కువని తేలింది. గదికి గాలి కిటికీనుంచో ఫ్యాన్‌నుంచో రావాలి. గోడ చేయాల్సింది తడిసినప్పుడు ఆరడం, అది వేరే సంగతి. ఉక్కపోత ప్రాంతాల్లో ఏసీ గదులకైతే తేమ బయటినుంచి లోపలికి వస్తుంది. అక్కడ లోపలివైపు వినైల్ వాల్‌పేపర్ అంటించకండి, దాని వెనకే నీరు చేరుతుంది.

వేడిని ఆపే పెయింటు ఇన్సులేషన్‌తో సమానం కాదు. తెల్లరంగు ఎండని తిప్పికొడుతుంది, ఎండ పడే గోడకి అది మేలే. కానీ ఒక మిల్లీమీటర్ పూతలో కదలని గాలి తప్ప ఇంకేమీ లేదనుకున్నా, అది ఒకటిన్నర మిల్లీమీటర్ల థర్మోకోల్‌కి మించి పనిచేయదు.

షీటు అంటించడంలో నైపుణ్యమేముంది అనేవాళ్ళని చూస్తే నాకు ఓపిక పోతుంది. షీటు వెనక నాలుగైదు జిగురు ముద్దలు పెట్టి నొక్కేస్తే, గోడకీ షీటుకీ మధ్య గాలి తిరుగుతుంది, మీ ఇన్సులేషన్ దాని వెనకే వృథా అవుతుంది. అంచు చుట్టూ కట్టలా జిగురు, మధ్యలో ముద్దలు, మొత్తంమీద కనీసం 40 శాతం గోడకి పట్టాలి. కిటికీ మూల దగ్గర రెండు షీట్ల అతుకు రాకూడదు, షీటుని ఎల్ ఆకారంలో కోసి పెట్టాలి, ఆ మూలమీద ఐమూలగా అదనపు మెష్ (ప్లాస్టర్‌లో పొదిగే వల) ముక్క వేయాలి. మెష్ పట్టీలు ఒకదానిమీద ఒకటి 100 మిల్లీమీటర్లు ఎక్కాలి. వారాలపాటు ఎండలో వదిలేసిన థర్మోకోల్ పసుపుపచ్చగా పొడి రాలుతుంటే, ఆ పొడి రుద్ది తీయకుండా ప్లాస్టర్ వేస్తే అది పట్టదు. వేలితో రాసి చూస్తే మీకే తెలుస్తుంది.

నిప్పు గురించి మాత్రం ఒక క్షణం ఆగాలి. షీటుమీద మంటని ఆపే రకమని రాసి ఉంటే చాలనుకోకండి. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. నాలుగో అంతస్తు వంటగదిలో మొదలైన మంట బయటి గోడకి తొడిగిన పలకల్ని (క్లాడింగ్) పట్టుకుని పైదాకా ఎక్కింది. ఒక్క షీటుని విడిగా పరీక్షించడం వేరు, షీటూ పై పలకా వాటి మధ్య సందూ అన్నీ కలిసిన గోడని పరీక్షించడం వేరు. ఎత్తైన భవనమైతే రాక్‌వూల్ లాంటి మండని సరుకే అడగండి. తక్కువ ఎత్తులో థర్మోకోల్ వాడినా, అంతస్తు అంతస్తుకీ మధ్య రాక్‌వూల్ పట్టీ ఎక్కడ వేస్తారో డ్రాయింగ్‌లో చూపించమనండి.

చివరిగా, ఇప్పటికే చెమ్మ గోడమీద వేయించేసి ఇది చదువుతూ కంగారుపడుతున్నవాళ్ళకి. "మొత్తం పీకేయాలా?" అని అడుగుతారు. చాలా ఇళ్ళలో అక్కర్లేదు. ముందు కిటికీల కింది మూలలూ, పిట్టగోడ కిందిభాగమూ, పైపులు బయటికొచ్చే చోట్లూ వేళ్ళ కణుపులతో తట్టి చూడండి. బోలుగా మోగినచోట అరచేయంత ముక్క కోయించండి. గోడ పొడిగా ఉంటే ఆ ముక్కే మళ్ళీ పెట్టి మెష్ వేసి పూడ్చేయొచ్చు, సగంరోజు పని. తడిగా ఉంటే నీరు దిగే అంచు దానికి పైనే ఎక్కడో ఉంటుంది. ముందు దాన్ని సరిచేసి, కోసినచోటు అలాగే తెరిచి ఉంచండి. వాన తగలకుండా పైనుంచి చిన్న రేకు అడ్డం పెడితే చాలు, గోడ ఆరిందని నమ్మకం కుదిరేదాకా పూడ్చకండి.