చావు అంచుదాకా వెళ్లొస్తే పిచ్చి పడుతుందా? అపోహలు - వాస్తవాలు

"చచ్చి బతికినాడు సార్. అప్పటినుంచీ మనిషి మనిషిలా లేడు." నెల్లూరులో సైకాలజిస్టుగా ఈ మాట ఎన్ని ఇళ్లవాళ్ల నోట విన్నానో లెక్కలేదు. గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నవాళ్లు ఏదో వెలుగు చూశామనీ, పైనుంచి మమ్మల్ని మేమే చూసుకున్నామనీ చెప్తారు. ఇంట్లోవాళ్లేమో పిచ్చి అనో, గాలి సోకిందనో తేల్చేస్తారు. అన్నిటికంటే ఎక్కువ కొంపలు ముంచే అపోహ ఇదే.

చావు అంచున ఇలా కనిపించేదాన్ని నియర్ డెత్ అనుభవం అంటారు. అది పిచ్చి కాదు. నెదర్లాండ్స్‌లో గుండె ఆగి బతికిన 344 మందిని అడిగితే 62 మంది ఈ అనుభవం చెప్పారు. ఆ పరిశోధన 2001లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. రెండేళ్లకు, ఎనిమిదేళ్లకు మళ్లీ కలిస్తే వాళ్లలో చావు భయం తగ్గింది, ఎదుటివాళ్ల మీద దయ పెరిగింది. ఐసీయూలో కలవరింత వేరు. అది పూటకో రకంగా ఉంటుంది, తర్వాత సగం గుర్తుండదు. ఇదైతే ఏళ్ల తర్వాత అడిగినా అదే వరసలో చెప్తారు.

ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల రైతుకు గుంట దగ్గర ఏరేటర్ (నీళ్లలోకి గాలి కలిపే యంత్రం) మోటారు షాకు కొట్టి, చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. ఇంటికొచ్చిన నెలకే తమ్ముడి మీద పదేళ్లుగా నడుస్తున్న గట్టు కేసు వాపసు తీసుకున్నాడు. "భూమి పోతావుంటే నవ్వుతాడేంది సార్?" అని భార్య ఏడుపు. ఆమె బాధలో న్యాయముంది. అప్పటికే రెండుచోట్ల తాయెత్తులు కట్టించింది. అప్పుడు తనకు కనిపించినదాని గురించి ఆయన ఏడు నెలలు ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. నాకు చెప్పేటప్పుడు కూడా అరచేతిలో కాలిన మచ్చను బొటనవేలితో రుద్దుతూనే ఉన్నాడు. చివర్లో, "నవ్వకుండా విన్నారు, చాలు సార్" అన్నాడు. తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టి మూడుసార్లు మాట్లాడాను. ఇప్పుడు డబ్బు విషయం ఏదైనా ఆమెతో చెప్పే చేస్తున్నాడు.

నిద్ర పట్టకపోయినా, మోటారు చప్పుడుకే వణికిపోతున్నా, ఆ ఘటన పదేపదే కళ్లముందుకొస్తున్నా మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి రండి.

మిగతావి రెండు ముక్కల్లో. చావుకు భయపడకపోవడమంటే చావాలనుకోవడం కాదు. చావు దగ్గరిదాకా వెళ్లిన ప్రతివాళ్లకూ ఈ అనుభవం రాదు. ఇక "యమదూతలు పేరు పొరబడి తీసుకెళ్లారు, మళ్లీ వస్తారు" అనే భయం. సత్వంత్ పస్రిచా, ఇయాన్ స్టీవెన్సన్ అనే పరిశోధకులు 1986లో రాసిన భారతీయుల అనుభవాల్లోనూ ఈ పొరపాటు కథ ఉంది. మనం పెరిగిన నమ్మకాలే ఆ అనుభవానికి రూపమిస్తాయి. ఆ భయంతో శాంతులు చేయిస్తూ గుండె మాత్రలు ఆపేసిన ఇంటిని చూశాను. శాంతి చేయించుకోండి, మాత్రలు మాత్రం ఆపకండి.