కథలో ఇంద్రియానుభూతి: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల్లో తెలుగులో కథలు రాస్తున్న కొత్తవారి రాతప్రతులను చదివి సూచనలు ఇస్తుంటాను. వర్ణన విషయంలో వారిలో తరచుగా కనిపించే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: వర్ణన అంటే కంటికి కనిపించేదాన్ని చెప్పడమే.

వాస్తవం: చూపుకు దూరం అడ్డు కాదు, స్పర్శకూ రుచికీ మాత్రం వస్తువు ఒంటిని తాకి తీరాలి. కనుక పాఠకుడిని పాత్రకు ఎంత దగ్గరగా నిలబెట్టాలో రచయిత ఎంచుకున్న ఇంద్రియమే నిర్ణయిస్తుంది. మహేంద్రతనయ నది వరదను గట్టు మీద నుంచి చూపిస్తే అది దృశ్యంగానే మిగిలిపోతుంది. మోకాలి లోతు నీటిలో నిలుచున్న మనిషి పాదాల కింద ఇసుక జారిపోతోందని రాస్తే ఆ ప్రమాదం పాఠకుడికీ తెలుస్తుంది.

అపోహ: ప్రతి సన్నివేశంలోనూ ఐదు ఇంద్రియాలూ ఉండాలి.

వాస్తవం: అక్కరలేదు. సరైనది ఒక్కటి చాలు.

అపోహ: పాత్ర ఎవరైనా పరిమళం పరిమళమే.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఒడిశాలోని గంజాం జిల్లా తీరాన మొగలి పొదలు విస్తారంగా ఉన్నాయి. ఛత్రపురం, చికిటి ప్రాంతాల్లో ఆ పూలను రాగి పాత్రల్లో నీటితో మరిగించి, ఆవిరిని చల్లార్చి అత్తరు తీస్తారు. పెళ్లి జడలో మొగలి రేకులు కుట్టించుకున్న అమ్మాయికి ఆ పువ్వు సువాసన; తెల్లవారుజామున ముళ్ల అంచుల ఆకుల మధ్య చేయి దూర్చి పూలు కోసే కూలీకి అది ముందుగా గీరుకుపోయిన చర్మం మీద చెమట పెట్టే మంట. ఇక రోజంతా బట్టీ దగ్గర ఉండేవాడికి పొగా ఆవిరి వేడీ తెలుస్తాయేమో గానీ, ఎడతెగకుండా తగిలే వాసనను ముక్కు క్రమంగా పట్టించుకోదు కనుక, మొగలి వాసన తెలియకపోవచ్చు. అటువంటి పాత్ర ముక్కుతో ఆ పరిమళాన్ని వర్ణిస్తే అబద్ధమవుతుంది. అతను బరంపురం బస్సెక్కినప్పుడు పక్క సీటు మనిషి తల తిప్పి చూశాడని రాస్తే నిజమవుతుంది.

అపోహ: ఉపమానం లేకపోతే వర్ణన రక్తి కట్టదు.

వాస్తవం: సంస్కృత ఆలంకారికుడు దండి కావ్యాదర్శంలో అర్థాలంకారాలను ఉపమతో కాక స్వభావోక్తితో, అంటే వస్తువు స్వరూపాన్ని ఉన్నదున్నట్లు చెప్పడంతో, మొదలుపెట్టాడు. నిశితంగా గమనించినవారికి పోలిక అవసరం చాలాసార్లు రాదు.

అపోహ: ఇంద్రియానుభవాన్ని చెప్పిన తరువాత భావాన్ని కూడా పేరు పెట్టి చెప్పాలి.

వాస్తవం: గ్లాసు పట్టుకున్న చేయి వణికి టీ ఒలికిందని రాసి, వెంటనే ‘ఆమెకు ఎంతో భయం వేసింది’ అని చేర్చడం రాతప్రతుల్లో తరచూ చూస్తాను. రసాన్నీ, దానికి మూలమైన భయం, శోకం వంటి స్థాయిభావాన్నీ వాటి పేర్లతోనే చెప్పేయడాన్ని మరో సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాలలో చేర్చాడు. ఆ రెండో వాక్యాన్ని కొట్టివేసి చదివి చూడమని అడుగుతాను. అప్పటికీ భయం అందకపోతే సవరించవలసింది మొదటి వాక్యాన్ని.