వానలో తాగి, వేసవిలో పడుకునే మొక్కలు

తడి ఇష్టపడే మొక్క అనగానే రోజూ నీళ్లు పోయాలనుకుంటాం. మన తూర్పు కనుమల అడవుల్లో చెట్ల నీడన పెరిగే దుంపమొక్కలకు ఆ లెక్క కుదరదు. చెంగల్వకోష్టు, భూచంపకం, కస్తూరి పసుపు, అడవినాభి వానాకాలంలో తడి లేకపోతే ఎదగవు. వేసవి నిద్రలో ఉండగా తడి నిలిస్తే కుళ్లిపోతాయి. శ్రీకాకుళం జిల్లాలో పెరడు ఉన్నవాళ్లు ముందుగా పట్టుకోవలసింది ఈ రెండో సంగతినే.

మన కొండల్లో చాలా అడవులు ఆకు రాల్చేవే. తొలకరి నుంచి కార్తీకం దాకా తడి, ఆ తర్వాత నెలల తరబడి ఎండు. లోతైన వేర్లు లేని చిన్న మొక్క ఆ ఎండును తట్టుకోవాలంటే ఒకటే దారి: సంపాదించిన పిండి పదార్థమంతా నేలలోని దుంపకు చేర్చి, పైనున్న ఆకును వదిలేయడం. దసరా దాటి పగలు కురచవుతుంటే పసుపు జాతి మొక్కలు ఆ పని మొదలుపెడతాయి. ఆకు పసుపు రంగుకు తిరుగుతుంటే తెగులేమోనని టెన్షన్ పడి నీళ్లు, యూరియా వేసేవాళ్లే ఎక్కువ. నిజానికి అప్పుడు ఆకులోని నత్రజని దుంపలోకి దిగుతూ ఉంటుంది. అందుకే ఆకు పూర్తిగా ఎండేదాకా కోయకూడదు.

ఆకు పోయాక నీటిని పైకి లాగేదేమీ ఉండదు. పోసిన నీరు మట్టి సందుల్లో నిలిచి గాలిని తోసేస్తుంది. నిద్రలో ఉన్నా దుంప ఊపిరి పీలుస్తూనే ఉంటుంది కాబట్టి గాలి అందక నీరసిస్తుంది. పసుపు రైతులకు బాగా తెలిసిన దుంపకుళ్లు తెచ్చే పిథియం అనే బూజులాంటి సూక్ష్మజీవి బీజాలు నీటిలో ఈదుకుంటూ వెళ్లి అలాంటి దుంపనే పట్టుకుంటాయి. సంక్రాంతి తర్వాత ఆ మడి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఆ ఓపికకు ఫలితం వేసవి జల్లులకే కనిపిస్తుంది. ఒక్క ఆకూ లేని నేలను చీల్చుకుని భూచంపకం పూలు వస్తాయి. తెల్లటి రేకులు, మధ్యలో పెదవి లాంటి ఊదారంగు రేకు, వంగి చూస్తే మంచి వాసన. నిరుడు దాచుకున్న పిండితోనే ఆ పూత. ఆకులు తర్వాత తీరిగ్గా లేస్తాయి. చెంగల్వకోష్టు అందం వేరు. దాని ఆకులు కాండం చుట్టూ మెలికల మెట్లలా ఎక్కుతాయి, పై ఆకు కింది ఆకు వెలుతురుకు పూర్తిగా అడ్డం రాదు. వానాకాలంలో కొసన ఎర్రటి కంకి కట్టి, అందులోంచి పల్చటి కాగితం లాంటి తెల్లపూలు కొద్దికొద్దిగా విచ్చుకుంటాయి. నాకు వీటన్నిటిలోకీ ఇదే ఇష్టం.

ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట వైపు, కొబ్బరి, పనస, జీడి నీడ ఇలాంటి మొక్కలకు చక్కగా సరిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు చెట్లు కూలిన తోటల్లో మిగిలిన పనస కిందైనా చోటు చూసుకోవచ్చు. అక్కడి ఇసుక నేలలో నీరు నిలవదు, అది మేలే. కానీ వానల మధ్య విరామం వస్తే తడి ఇట్టే ఆరిపోతుంది. ఎండిన పనసాకులు, చివికిన కొబ్బరి పొట్టు మందంగా పరిస్తే తడి ఆగుతుంది. కొబ్బరి పొట్టులో ఉప్పులుంటాయి, రెండు మూడు నీళ్లు మార్చి నానబెట్టాకే వాడాలి. బంకమట్టి ఉన్నచోట ఎత్తు మడి కట్టక తప్పదు.

అడవినాభి పువ్వు ఎంత అందంగా ఉన్నా పిల్లలు, పశువులు తిరిగేచోట వద్దు. దాని దుంపలోని కోల్చిసిన్ ప్రాణం తీసే విషం. ఏ మొక్కనైనా సరే, కొండ మీద నుంచి తవ్వి తేవద్దు, పెంచుతున్నవాళ్లను అడిగి తెచ్చుకోండి. చెంగల్వకోష్టుకు దుంప కూడా అక్కర్లేదు. ముదురు కాండాన్ని కణుపులుండేలా జానెడు ముక్కలు కోసి, మృగశిర కార్తెలో తడి ఇసుక మీద పడుకోబెట్టి పల్చగా కప్పితే కణుపుల దగ్గర మొలకలు వస్తాయి. వాటికి వేర్లు పట్టాక నీడలోకి మార్చి నాటుకోవచ్చు.